తెలుగు నేలపై వాయులీనం – 6: గాయకుడి పక్క నుంచి వేదిక నడుమకు

1938లో వేలూరులో ఒక కచేరీ జరిగింది. గాయకుడు కూర్చోవలసిన చోట ఫిడేలు పట్టుకుని ద్వారం వెంకటస్వామి నాయుడు కూర్చున్నారు. వర్ణం మొదలు మంగళం దాకా కచేరీ భారమంతా ఆ నాలుగు తీగల మీదే నడిచింది. దక్షిణాది సంగీతంలో ఫిడేలు సోలో కచేరీలకు దాన్నే ఆరంభంగా చెప్పుకోవడం ఆనవాయితీ. ఈ ఆనవాయితీతో ఒక చిక్కుంది. తేదీ చేతికి దొరికేసరికి కారణం వెతకడం మానేస్తాం. ఆ ఏటికి నాయుడుగారికి 44 ఏళ్లు నిండాయి. ఫిడేలు పాఠం చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లు గడిచాయి. అప్పటికి సభలు, రసికులు, ఘనమైన ఫిడేలు విద్వాంసులు అందరూ దండిగా ఉన్నది కావేరి ఒడ్డున, మద్రాసులో. అలాంటప్పుడు ఈ పని చేసిన మనిషి మద్రాసుకు 800 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న విజయనగరం నుంచి ఎందుకు రావలసి వచ్చింది? ప్రతిభ అన్న ఒక్క మాటతో ఈ ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకోకూడదని నా అభిప్రాయం. ప్రతిభ తంజావూరులోనూ ఉంది, తిరుచిలోనూ ఉంది. విజయనగరంలో ఉండి అక్కడ లేనివి రెండు: ఫిడేలుకు నెలజీతంతో కూడిన పాఠశాల కొలువు ఒకటి, వాద్యాన్ని వాద్యంగానే వినే అలవాటు ఇంకొకటి. ఈ భాగంలో నేను నిలబెట్టదలచిన వాదం ఇదే.

ఫిడేలు మన సంగీతంలోకి ఎలా వచ్చిందో వెనకటి భాగాల్లో చూశాం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల వాద్యాన్ని నేర్చుకోవడం, తంజావూరు నలుగురు అన్నదమ్ముల్లో ఒకడైన వడివేలుకు 1834లో స్వాతి తిరునాళ్ మహారాజు దంతపు ఫిడేలు బహూకరించడం ఆ కథలో తొలి ఘట్టాలు. అలా వచ్చిన వాద్యం నూరేళ్లు తిరగకుండానే ప్రతి పాటకచేరీలోనూ తప్పనిసరి అయిపోయింది. అయితే ఏ హోదాలో తప్పనిసరి అయిందన్నదే ఇక్కడ అసలు సంగతి. పక్కవాద్యంగా కూర్చున్న ఫిడేలు విద్వాంసుడు గాయకుడు ఆలాపన చేస్తుంటే నీడలా వెంట నడవాలి. ఆయన ఆగినచోట ఆ సంచారాన్ని అందుకుని నాలుగు క్షణాలు నిలబెట్టాలి. తన వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని వాయించాలి కానీ గాయకుడి కంటే ఎక్కువ సేపు వాయించకూడదు. స్వరకల్పనలో జవాబులు చెప్పాలి. ఏ రాగం, ఏ కీర్తన, ఏ కాలం అన్న నిర్ణయాల్లో ఒక్కటీ అతనిది కాదు. ఇందులో ఉన్న విద్య సామాన్యమైనది కాదు. అవతలి మనిషి మనసులో ఏముందో ముందే పసిగట్టి వేళ్లలోకి తెచ్చుకోవడం గాయకుడికి కూడా అక్కర్లేని నైపుణ్యం. కానీ ఆ విద్య మీద బతికేవాడికి రేపటి కచేరీ ఎవరి చేతిలో ఉంటుంది? గాయకుడి ఆదరణ ఉంటే పిలుపు వస్తుంది, లేకపోతే లేదు. ఆ స్థితిలో ఉన్నవాడు వేదిక నడుమ కూర్చుంటానని అనడం తన్ను పిలిచేవాళ్లకే పోటీగా నిలవడం. ఎంత గొప్ప వేళ్లున్నా ఆ మాట అనడానికి ముందు తిండికి ఇంకో దారి కావాలి.

నాయుడుగారికి ఆ దారి 26వ ఏట దొరికింది. ఆయన 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసిన మనిషి, ఆయనకూ ఫిడేలుతో పరిచయం ఉంది. కుటుంబం విశాఖపట్నం చేరాక పిల్లవాడు పెరిగిందంతా ఇక్కడే. చిన్ననాటి నుంచీ చూపు మందం. నల్లబల్ల మీద అక్షరాలు కనబడని పిల్లవాడి చదువు ఎంతోకాలం సాగలేదు. ఫిడేలు చేతికిచ్చి స్వరాలు నేర్పింది అన్న వెంకటకృష్ణయ్య. వంశపారంపర్యంగా వచ్చిన గురుపీఠం, పేరు చెప్పగానే సభలు తలుపులు తెరిచే శిష్యపరంపర ఆయనకు లేవు. 1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పి, దానికి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుడిగా పెట్టారు. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లిన యువకుడి వాద్యం విని అతన్ని ఆచార్యుడిగానే నియమించారన్న కథ మన ప్రాంతంలో బాగా ప్రచారంలో ఉంది. ఇలాంటి కథల్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు, కొట్టిపారేయనూ అక్కర్లేదు. గురువు పేరు, వంశం పేరు అడగకుండా వాయించింది విని కొలువిచ్చిన చోటు అది అన్నంత వరకూ ఆ కథ నిజమే చెబుతోంది. ఆ ఏడాదే, 26 ఏళ్ల వయసులో, ఆయన అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారన్నది మాత్రం చరిత్ర.

ఈ కొలువు గురించి కాస్త నిదానంగా ఆలోచించాలి. జీతమిచ్చి విద్వాంసుణ్ణి పోషించడం మన సంస్థానాలకు కొత్త కాదు. ఆస్థాన విద్వాంసుడికీ జీతమో, మాన్యమో ఉండేది. మరి జీతమే కారణమైతే మైసూరు, తిరువాన్కూరు, ఎట్టయాపురం ఆస్థానాల్లో ఫిడేలు ఎప్పుడో స్వతంత్రం కావలసింది కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది: ఆస్థాన విద్వాంసుడు ప్రభువు వినాలనుకున్నప్పుడు ప్రభువు కోరినది వాయించాలి. కళాశాల ఆచార్యుడు ప్రతిరోజూ, వేళకు, నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు చెప్పాలి. పైగా చెప్పవలసింది ఫిడేలే. గురుకులంలో ఫిడేలు శిష్యుడు చాలామటుకు పాట నేర్చుకుని, ఆ పాటను వేళ్లలోకి దింపుకుని, గురువు వెంట కచేరీలకు తిరుగుతూ పక్కవాద్యం పట్టు తెలుసుకుంటాడు. కళాశాలలో గాత్రం ఒక గదిలో, వీణ ఇంకో గదిలో, ఫిడేలు మరో గదిలో పాఠ్యాంశాలయ్యాయి. ఎదురుగా అరడజను పిల్లలు ఫిడేళ్లు పట్టుకుని కూర్చున్నప్పుడు ‘నేను వాయించినట్టు వాయించు’ అంటే సరిపోదు. కమాను ఎక్కడ పట్టాలి, ఎంత బరువు వెయ్యాలి, ఏ వేలితో జారాలి, ఏ వేలి దగ్గర ఆగాలి అన్నది విడమరచి చెప్పాలి. అలా పదిహేను ఇరవై ఏళ్లు చెప్పిన మనిషి చేతిలో వాద్యం తన సొంత వ్యాకరణం తాను ఏర్పరచుకుంటుంది. ఫిడేలు కళలోని ముఖ్యాంశాల మీద, తంబురా గుణాల మీద నాయుడుగారు రచనలు చేశారంటే అది ఈ బోధన పెట్టిన అలవాటే అనుకోవడం సమంజసం.

అది ఊరిలో నలుగురికీ తలుపు తెరిచిన బడి అన్నది కూడా మరిచిపోకూడదు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చి, మధుకరం చేసుకుని కడుపు నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాట నేర్చుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ కళాశాల విద్యార్థే. తరువాతి కాలంలో పి.సుశీల నేర్చుకున్నదీ ఇక్కడే. 1936లో నారాయణదాసుగారి తరువాత నాయుడుగారు అధ్యక్షులయ్యారు. ఫిడేలు విద్వాంసుడు ఒక సంగీత కళాశాలకు అధిపతి కావడం, గాత్ర పండితులతో సహా అందరూ ఆయన మాట కింద పనిచేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. వేలూరు కచేరీ దీనికి రెండేళ్ల తరువాత జరిగింది. బడిలో ముందు పీట దొరికాక సభలో దొరికిందన్న ఈ వరస కాకతాళీయమని నేననుకోను.

ఇక రెండో కారణం. కావేరి తీరపు సంగీతానికి గుండెకాయ గాత్రం. నాగస్వరాన్ని పక్కన పెడితే, అక్కడి సభల్లో వాద్యం విలువను గాత్రానికి ఎంత దగ్గరగా ఉందన్న లెక్కతోనే కట్టేవారు. ఉత్తరాంధ్రలో, గోదావరి సీమలో పరిస్థితి కొంచెం వేరు. బొబ్బిలి వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాల ఊరు ఇక్కడే ఉంది. విజయనగరంలో వీణ వెంకటరమణదాసు, పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వంటి వాళ్లు వీణను గాయకుడి సాయం లేకుండా గంటలకొద్దీ వినిపించి మెప్పించారు. వీణ రాగం వింటూ కూర్చునే శ్రోత ‘పాట ఏదీ?’ అని అడగడు. మీటు తరువాత నాదం ఎంతసేపు నిలిచింది, ఆ నిలిచిన నాదం మీద గమకం ఎలా మలుపు తిరిగింది అన్నది వింటాడు. అలాంటి చెవులున్న ఊళ్లో పెరిగిన ఫిడేలు విద్వాంసుడికి ఒంటరిగా వాయించడం వింతగా తోచదు. వీణకు తగిన గౌరవం ఫిడేలుకు ఎందుకు దక్కకూడదన్న ఆలోచన రావడానికి ఇక్కడ అవకాశం ఎక్కువ.

ఆయన వాద్యంలో అసలు ఏముందో దగ్గరగా చూడాలి. మన పద్ధతిలో ఫిడేలును చుబుకం కింద బిగించరు. విద్వాంసుడు నేల మీద కూర్చుని, వాద్యం ఒక కొస ఎడమ రొమ్ముకు ఆనించి, రెండో కొస కుడికాలి చీలమండ మీద నిలుపుతాడు. దీనివల్ల వాద్యం బరువు మొయ్యవలసిన పని ఎడమచేతికి తప్పి, తీగ పొడుగునా స్వేచ్ఛగా జారగలుగుతుంది. తీగల శ్రుతి కూడా పాశ్చాత్యుల లెక్కలో ఉండదు. షడ్జం, పంచమం, మళ్లీ పై షడ్జం, పై పంచమం అని కడతారు. గమకాలకు ఇది అనువైన ఏర్పాటు. అందుకే మన ఫిడేలు విద్వాంసుల దృష్టి చాలాకాలం ఎడమచేతి మీదే ఉండిపోయింది. కుడిచేతిలోని కమాను గాయకుడి అక్షరాలకు అక్షరం వేసే సాధనంగానే మిగిలింది. పొట్టి పొట్టి లాగుళ్లు, లాగు మారిన ప్రతిసారీ ఒక చిన్న గీరు. పాట పక్కన వాయించేటప్పుడు ఆ గీరును గాయకుడి గొంతు కప్పేస్తుంది. ఒంటరిగా వాయిస్తే కప్పేవాళ్లుండరు. నాయుడుగారి సాధన బలమంతా ఇక్కడ కనిపిస్తుంది. కమానును మడమ నుంచి కొస దాకా నిండుగా, తొందరలేకుండా లాగి, ఒకే లాగులో ఒక స్వరాన్ని సన్నగా ఎత్తుకుని, నింపి, మళ్లీ సన్నగా దించడం ఆయన నాదానికి గుర్తు. లాగు మారిన చోటు వినేవాళ్లకు తెలియకూడదు. ఆలాపనలో ఒక సంచారం మొత్తం ఒక్క ఊపిరిలో పాడినట్టు రావాలి. గాయకుడి ఊపిరికి హద్దుంది. కమాను కొస దగ్గర నేర్పుగా వెనక్కి తిప్పగలిగితే వాద్యానికి ఆ హద్దు కూడా లేదు. పక్కవాద్యానికి ఇంత కమాను అవసరం లేదు. ఇది ఒంటరిగా వినబడాలని అనుకున్నవాడు మాత్రమే సాధించే విద్య.

ఇదంతా దొరల వాద్యం నుంచి తెచ్చుకున్న అరువు అని అప్పుడూ కొందరు అన్నారు, ఇప్పుడూ అంటారు. నాయుడుగారు పాశ్చాత్య వాద్యకారుల నాదాన్ని శ్రద్ధగా గమనించిన మాట నిజం, దాన్ని దాచవలసిన పని లేదు. వాద్యమే అటునుంచి వచ్చినప్పుడు దాని నాదాన్ని పుట్టింట్లో ఎలా పలికిస్తారో తెలుసుకోవడంలో తప్పేముంది? తేల్చవలసింది తెచ్చుకున్నదాన్ని ఏ పనికి వాడారన్నది. స్వరాలను గుదిగుచ్చి ఒకేసారి మోగించే వాళ్ల పద్ధతిని ఆయన మన రాగం మీదికి తేలేదు. మన గమకాన్ని నున్నగా చేసి వదిలేయలేదు. కమాను నిండుతనాన్ని తెచ్చి కంపితానికి, జారుకు ఊపిరి పోశారు. 1952లో పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మనదేశం వచ్చినప్పుడు మద్రాసులో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ ఇంట నాయుడుగారి వాద్యం విని ముగ్ధులయ్యారు. రాజమన్నార్ తెలుగులో నాటకాలు రాసిన సాహితీపరుడు, ఆ ఇంట అలాంటి సమావేశం జరగడం సహజం. ఈ సంఘటనను మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు కానీ చాలాసార్లు తెల్లవాడు మెచ్చాడన్న దగ్గర ఆగిపోతారు. నా దృష్టిలో దాని విలువ వేరు. అరువు తెచ్చుకున్న నాదమే అయితే మెనూహిన్‌కు అందులో కొత్త ఏముంటుంది? తన చేతిలోని వాద్యమే తనకు తెలియని సంగీతం పలుకుతుంటే ఆయన విన్నారు.

ఇంకో అభ్యంతరం తేదీ గురించి. నాయుడుగారి కంటే ముందు ఫిడేలు ఒంటరిగా మోగనే లేదా? తిరుక్కోడికావల్ కృష్ణయ్యర్ (1857–1913), మలైక్కోట్టై గోవిందసామి పిళ్లై (1879–1931) వాద్యాన్ని రసికులు పాటతో సమానంగా ఆదరించారు. పరూర్ సుందరమయ్యర్ (1891–1974) నాయుడుగారి సమకాలికులు, ఫిడేలును ప్రధానవాద్యంగా మలచిన బాణీ ఆయనదీను. కనుక ‘మొట్టమొదటి’ అన్న బిరుదు కోసం నేను పట్టుబట్టను. దాన్ని వదులుకున్నంత మాత్రాన నాయుడుగారి స్థానం తగ్గదు. పైగా సుందరమయ్యర్ జీవితం నా వాదానికి బలమే ఇస్తుంది. ఆయన సొంత గడ్డను విడిచి బొంబాయి వెళ్లి, విష్ణు దిగంబర్ పలుస్కర్ నడిపిన గాంధర్వ మహావిద్యాలయంలో బోధించారు. ఆయనకూ అక్కడ బడి ఉంది, చెప్పవలసిన పాఠం ఉంది, తంజావూరు సభల నుంచి దూరమూ ఉంది. ఒకే తరంలో ఇద్దరు ఒకే దిక్కుకు నడిచారు; ఇద్దరూ పాఠశాలల్లో, ప్రధాన కేంద్రానికి బయట ఉన్నవాళ్లు.

మైసూరు చౌడయ్యగారి దారి దీనికి ఆసక్తికరమైన పోలిక. పెద్ద సభల్లో వెనక వరసలకు ఫిడేలు వినబడని బాధ ఆయనదీను. 1927లో ఆయన నాలుగు తీగలకు మరో మూడు చేర్చి ఏడు తీగల ఫిడేలు తయారుచేసుకున్నారు. నాదం నిండుగా వచ్చింది, గాయకుల పక్కన ఆయనకు ఎదురులేకుండా పోయింది. ఒకే సమస్యకు చౌడయ్యగారు వాద్యాన్ని మార్చి పరిష్కారం చూస్తే, నాయుడుగారు కుడిచేతిని మార్చి చూశారు. ఏడు తీగల వాద్యం చౌడయ్యగారి తరువాత పెద్దగా నిలవలేదు. నిండు కమాను నిలిచింది, ఎందుకంటే దాన్ని ఏ మామూలు ఫిడేలు మీదైనా ఇంకొకరికి నేర్పవచ్చు. నేర్పగలిగేది నిలుస్తుందన్న సంగతి ఉపాధ్యాయుడికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. మైకులు సభల్లోకి వస్తున్న రోజులు కావడంవల్లే సోలో సాధ్యమైందని కొందరంటారు. కొంతమేర ఒప్పుకోవచ్చు. 1938 జూన్‌లోనే మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. గంట చొప్పునో అరగంట చొప్పునో ఒక్కో కళాకారుడికి కార్యక్రమం ఇచ్చే రేడియోకు ఫిడేలు సోలో చక్కగా సరిపోయింది. అయితే మైకు అందరి ముందూ పెట్టారు. దాని ముందు కూర్చోవడానికి సిద్ధంగా ఉన్న నాదం కొందరికే ఉంది. కమాను గీరును మైకు దాచదు, రెట్టింపు చేస్తుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం సాహిత్యం వైపు నుంచి వస్తుంది. మన కచేరీకి ప్రాణం కీర్తన. అందులోనూ త్యాగరాజు తెలుగు. ఆ మాటలు వినబడని కచేరీ సగం కచేరీ కాదా? తెలుగువాళ్లకు ఈ ప్రశ్న తమిళ శ్రోతకంటే సూటిగా తగలాలి, ఎందుకంటే ఆ మాటలు మనకు అర్థమవుతాయి. ఈ నష్టాన్ని లేదనడం నిజాయితీ కాదు. వాద్యం మాట పలకదు. కానీ మంచి ఫిడేలు వాద్యం మాట తీరును పలుకుతుంది. హ్రస్వం ఎక్కడ, దీర్ఘం ఎక్కడ, పదం ఎక్కడ విరుగుతుంది, ఎక్కడ విరగకూడదు అన్నది కమాను లాగులో తెలిసిపోతుంది. సాహిత్యం తెలిసిన శ్రోత మనసులో ఆ మాటలు తామే కదులుతాయి. పదం నడుమ లాగు మార్చేవాడు కీర్తనను స్వరాల వరసగా మారుస్తాడు. పదం అంచున మార్చేవాడు కీర్తనగా వినిపిస్తాడు. ఈ తేడా పాటించడానికి భాష తెలిసి ఉండాలి. తెలుగు ఇంటిభాషగా ఉన్న విద్వాంసుడు, ఆ కీర్తనలు అర్థంతో సహా బోధించే కళాశాలలో ఇరవై ఏళ్లు గడిపినవాడు, మాట లేని వాద్యాన్ని వేదిక నడుమకు తేవడానికి అర్హుడు. ఆ మాటకొస్తే గాత్రంలో సాహిత్యాన్ని ముక్కలు చేసి పాడేవాళ్లు ఎంతమంది లేరు?

స్వతంత్రంగా వాయించినంత మాత్రాన నాయుడుగారు పక్కవాద్యాన్ని చిన్నచూపు చూడలేదు. ఆనాటి పెద్ద గాయకుల పక్కన కూర్చుని వారి పాటకు వన్నె తెచ్చారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సదస్సుకు అధ్యక్షత వహించి సంగీత కళానిధి అయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964 నవంబరు 25న కన్నుమూశారు. 1993లో శతజయంతికి తపాలా బిళ్ల వెలువడింది. ఈ జాబితాలో సంగీత కళానిధిని తప్ప మిగతావాటిని నేను వాదానికి వాడుకోను. 1941 నాటి గౌరవానికి మాత్రం ప్రత్యేకమైన బరువుంది: మద్రాసు తన సొంత విద్వాంసుల నడుమ, తన సదస్సు పీఠం మీద, విజయనగరం ఫిడేలు ఆచార్యుణ్ణి కూర్చోబెట్టింది. వేలూరు కచేరీ జరిగి అప్పటికి మూడేళ్లే.

ఆ తరువాతి తరంలో లాల్గుడి జయరామన్, టి.ఎన్.కృష్ణన్, ఎం.ఎస్.గోపాలకృష్ణన్ ముగ్గురూ పక్కవాద్యంలోనూ సోలోలోనూ ఒకే స్థాయి గౌరవం పొందారు. వీరిలో గోపాలకృష్ణన్ పరూర్ సుందరమయ్యర్ కుమారుడే. కృష్ణన్ మద్రాసు సంగీత కళాశాలలో, ఆపైన ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. లాల్గుడి ఏ కళాశాల కొలువు మీదా ఆధారపడకుండా ఆ స్థానానికి చేరారు కనుక ఆయన ఉదాహరణ నా వాదానికి అడ్డు వస్తుందని అనవచ్చు. ఆయన వేదిక మీదికి వచ్చేసరికి ఫిడేలు సోలో అన్నది సభలు టిక్కెట్టు పెట్టి అమ్మగలిగిన కచేరీ అయిపోయింది, రేడియో ఉంది, రికార్డులున్నాయి. దారి లేని రోజున దారి వెయ్యడానికి కావలసినవి వేరు, వేసిన దారిలో ఎంతో దూరం పోవడానికి కావలసినవి వేరు. విజయనగరంలో మాత్రం ఆ కొలువు ఇంటిపేరుతో పాటు సాగింది. నాయుడుగారి అన్న కొడుకు ద్వారం నరసింగరావు నాయుడు అదే కళాశాలలో ఫిడేలు బోధించి అధ్యక్షులయ్యారు. కుమారుడు ద్వారం భావనారాయణరావు, కుమార్తె ద్వారం మంగతాయారు ఫిడేలు పట్టుకున్నారు. నూకల చినసత్యనారాయణ ఆయన దగ్గర నేర్చుకుని గాత్రంలో పేరు తెచ్చుకున్నారు. ఫిడేలు గురువు దగ్గర నేర్చుకున్నవాడు గాయకుడు కావడం ఆ బడి తలకిందులు చేసిన వరసకు మరో సాక్ష్యం.

కృష్ణా తీరంలో కథ ఇంకోలా నడిచింది. అక్కడ ప్రభుత్వమో మహారాజో పెట్టిన కళాశాల లేని రోజుల్లో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ఇల్లే గురుకులమైంది. ఆ ఇంటి నుంచి అన్నవరపు రామస్వామి ఫిడేలుతో విజయవాడ రేడియో కేంద్రానికి ఎలా చేరారో, జీతపు కొలువు లేని చోట ఈ వాదం ఎంతవరకు నిలుస్తుందో వచ్చే భాగంలో చూద్దాం.